నాడి ఆకులో మావారి పేరు ఎలా వచ్చింది?

ప్రశ్న: నమస్కారమండీ. మాది ఖమ్మం జిల్లా. మా అబ్బాయికి 31 ఏళ్లు. ఐదేళ్లుగా సంబంధాలు చూస్తున్నా ఏదీ కుదరడం లేదు. మా ఆడపడుచు చెబితే పోయిన నెల ముగ్గురం తమిళనాడులోని వైదీశ్వరన్ కోయిల్ వెళ్లి నాడీ జ్యోతిషం, అంటే మన జాతకం అగస్త్య మహర్షి ముందే తాటాకుల మీద రాసి ఉంచాడని చెప్పి చదివే జ్యోతిషం, చూపించుకున్నాం. అబ్బాయి కుడి బొటనవేలి ముద్ర తీసుకుని రెండు గంటలు కూర్చోబెట్టారు. తర్వాత తాటాకుల కట్టలు తెచ్చి ఒక్కో ఆకూ చదువుతూ ప్రశ్నలు అడిగారు. అవును, కాదు అని మాత్రమే చెప్పమన్నారు. మూడో కట్టలో మా ఆకు దొరికింది. అందులో మావారి పేరు, నా పేరు, అబ్బాయి చదువు, ఉద్యోగం అన్నీ సరిగ్గా చదివారు. నాకు ఒళ్లు జలదరించింది. ఆ తర్వాత, పూర్వజన్మలో ఒక గర్భిణికి అన్యాయం చేశాడని, శాంతి, దీక్ష చేయించకపోతే 33వ ఏట గండం ఉందని చెప్పారు. 65,000 రూపాయలు అవుతుందన్నారు. 5,000 కట్టి వచ్చాం. మిగతాది నా నగలు తాకట్టు పెట్టి పంపుదామని మావారు అంటున్నారు. ఒక్క రూపాయి కూడా పంపొద్దని అబ్బాయి అంటున్నాడు. ఇంట్లో రోజూ గొడవే, నాకు నిద్ర లేదు. ఆ ఆకులు నిజంగా అగస్త్య మహర్షి రాసినవేనా? కాకపోతే మావారి పేరు వాళ్లకెలా తెలిసింది? పరిహారం చేయించాలా, వద్దా? వాళ్లిచ్చిన పెన్ డ్రైవ్‌లో చివర ఆకు చదివిన అరగంట మాత్రమే ఉంది, మీకు పంపమంటే పంపుతాను. ఇంకో మాట, మా అత్తగారింటి అటక మీద కూడా ఒక తాటాకుల కట్ట ఉంది. అందులోనూ ఇలాంటివే ఉంటాయా? – ఒక తల్లి

సమాధానం: అమ్మా, ముందు మీకు నిద్ర పట్టాలి కాబట్టి అన్నింటికంటే ముఖ్యమైన మాట మొదట చెబుతాను. డబ్బు పంపకండి. నగలు బీరువాలోనే ఉండనివ్వండి. డబ్బు కట్టలేదన్న కారణంతో మీ అబ్బాయికి ఏ గండమూ రాదు. కట్టిన 5,000 పోయినా పోనివ్వండి, దానికోసం ఇంకో 60,000 పోగొట్టుకోనక్కర్లేదు.

ఈ మాట జ్యోతిషం మీద కోపంతో అనడం లేదు. తాటాకు పుస్తకాల దుమ్ము దులుపుతూ, అక్షరం కూడబలుక్కుని చదువుతూ, పట్టికలు రాస్తూ ఇరవై ఏళ్లకు పైగా గడిపినదాన్ని నేను. తాటాకంటే నాకు ప్రాణం. ఆ ఆకు పేరు చెప్పి ఒక తల్లిని ఇంత భయపెట్టారంటే నాకు చాలా బాధగా ఉంది.

మీవారి పేరు ఎలా వచ్చిందన్నది మీ మనసును పట్టుకున్న ప్రశ్న. దానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. రెండు కట్టలు అయిపోయాక మూడో కట్టలో ఆకు దొరికిందని రాశారు. ఆ రెండు కట్టల్లో ఎన్ని ఆకులు తిప్పి ఉంటారు, ఎన్ని ప్రశ్నలు అడిగి ఉంటారు? ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. తండ్రి పేరు దేవుడి పేరేనా? అవును. శివుడి పేరా? కాదు. విష్ణువు పేరా? అవును. పేరు చివర రావు అని ఉంటుందా? అవును. తల్లి పేరులో లక్ష్మి ఉందా? కాదు. ఇలాగే సాగి ఉంటుంది. సరిపోని ఆకును పక్కన పెట్టేస్తారు. కానీ ఆ ఆకు దగ్గర మీరిచ్చిన జవాబు పక్కకు పోదు, చదివేవారి మనసులో అలాగే ఉంటుంది. కట్ట మారినా లెక్క మళ్లీ మొదటికి రాదు.

ఒక్క అవును, కాదు ప్రశ్నతో ఉన్న అవకాశాల్లో సగం తీసేయొచ్చు. అలా 20 ప్రశ్నలు సరిగ్గా అడగగలిగితే 10 లక్షలకు పైగా అవకాశాల్లోంచి ఒక్కదాన్ని పట్టుకోవచ్చు. మీరు మూడు కట్టలు అయ్యేదాకా కూర్చున్నారు. పైగా అబ్బాయి పక్కన అమ్మానాన్న ఇద్దరూ ఉన్నారు. సరైన మాట రాగానే ముగ్గురి ముఖాలూ ఒకేసారి వెలిగి ఉంటాయి. నోటితో చెప్పే జవాబుకు ముందే ముఖం చెప్పే జవాబు అది.

తమిళ లిపి గురించి కూడా ఒకటి చెప్పాలి, మన తెలుగువాళ్లకు ఇది సాధారణంగా తెలియదు. తమిళంలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే అక్షరం. క, ఖ, గ, ఘ కూడా అంతే. భాస్కరరావు, ప్రసాదరావు, బాబూరావు ముగ్గురి పేర్లూ ఆ లిపిలో ఒకే అక్షరంతో మొదలవుతాయి. పాత తాటాకు రాతల్లో ఇంకో ఇబ్బంది ఉంది. హల్లు మీద పెట్టాల్సిన చుక్కను, దాన్ని పుళ్లి అంటారు, చాలామంది లేఖకులు పెట్టేవారు కాదు. తాటాకు మీద రాసే గంటం మొనతో చుక్క పొడిస్తే ఆకుకు చిల్లు పడుతుంది. ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా కూడా ఆ రాతల్లో కనిపించదు. కాబట్టి పొల్లు ఎక్కడో, దీర్ఘం ఎక్కడో చదివేవారే తేల్చుకుంటూ పోవాలి. అలాంటి రాతలో ఒక తెలుగు పేరు వినిపించాలంటే, ఆ పేరు ముందే తెలిసి ఉండడం ఎంత సాయం చేస్తుందో మీరే ఆలోచించండి.

పెన్ డ్రైవ్ నాకు పంపనక్కర్లేదు. అందులో ఆకు చదివిన అరగంట మాత్రమే ఉంది, ప్రశ్నలు అడిగినంతసేపూ లేదు. ఇంటికొచ్చాక మనకు గుర్తుండేది కూడా ఆ అరగంటే. మీ ఆడపడుచుగారు మీకు చెప్పింది ఆ అరగంట గురించే అయి ఉంటుంది. ఆవిడ అబద్ధం చెప్పారని కాదు, కళ్లు చెమర్చిన క్షణమే ఎవరికైనా గుర్తుంటుంది.

ఆకులు చదివేవారందరూ మోసగాళ్లని నేననను. ఆ ఊళ్లో తరతరాలుగా జ్యోతిషమే వృత్తిగా బతుకుతున్న వళ్లువర్ కుటుంబాలు ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ తాతల దగ్గర అదే రాగంలో పద్యాలు చదవడం నేర్చుకున్నవారు కొందరు. వాళ్లకు ఆ పద్ధతి మీద నిజమైన నమ్మకం ఉండొచ్చు. కానీ నమ్మి చేసినా నమ్మకుండా చేసినా, ఆ ప్రశ్నలు చేసే పని ఒకటే.

బొటనవేలి ముద్ర సంగతి. ముద్రల్ని 108 రకాలుగా విడదీసి కట్టలు కట్టామని చెబుతారు. ఒక్క ఖమ్మం పట్టణాన్నే 108 భాగాలు చేసినా ఒక్కో భాగంలో వేలమంది ఉంటారు. వాళ్లందరిదీ ఒకే కట్ట అవ్వాలి. మనిషిని వేలిముద్రతో గుర్తుపట్టే పని మన దేశంలో ఎలా పెరిగిందో కాగితాల్లో ఉంది. 1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒప్పంద పత్రం మీద చేతిముద్ర వేయించుకోవడంతో మొదలైంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వచ్చింది. ముద్రల్ని వరసపెట్టే పద్ధతిని అక్కడ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులు లెక్కలు కట్టి తయారుచేశారు. పై అధికారి హెన్రీ పేరుతో అది ప్రపంచమంతా పాకింది. వాళ్లు చేసిన మొదటి విభజనలోనే 1,024 గదులు ఉన్నాయి, అదీ పది వేళ్లూ చూస్తేనే. ఒక్క బొటనవేలితో మనిషి ఆకు దాకా వెళ్లడం ఆ లెక్కకు అందదు.

సంస్కృతంలో నిజంగానే నాడీ గ్రంథాలు ఉన్నాయి. వాటిలో బొటనవేలు ఉండదు, లగ్నం, అంటే పుట్టిన వేళకు తూర్పున ఉదయిస్తున్న రాశి, ఉంటుంది. రాశికి 30 భాగలు కదా, ఆ ఒక్క రాశినీ 150 నాడులుగా విడగొడతారు. వసుధ, వైష్ణవి, బ్రాహ్మి అంటూ ప్రతి నాడికీ ఒక పేరు. 12 రాశులకీ కలిపితే 1,800. సగటున చూస్తే ఒక్కో నాడి ఉదయించడానికి 48 సెకన్లు పడుతుంది. మామూలు లగ్నం సుమారు రెండు గంటలుంటే దీన్ని ఇంత సన్నగా కోశారు. కవలలు ఇద్దరి జీవితాలూ ఎందుకు వేరుగా ఉంటాయన్న ప్రశ్నకు ఆనాటి పండితులు వెతికిన దారి ఇది. చంద్రకళా నాడి అని పేరున్న దేవకేరళం ఈ తరహా గ్రంథమే. అది మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయం నుంచి అచ్చయింది కూడా. తెరిచి ఎవరైనా చదువుకోవచ్చు, ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. దాని మీద నాకు గౌరవం ఉంది. ఫలానా ఊరి ఫలానా రావుగారి అబ్బాయి ఫలానా కంపెనీలో పనిచేస్తాడని రాసే పుస్తకం కాదది.

అగస్త్యుల వారి సంగతి అడిగారు. తాటాకు ఎంతకాలం బతుకుతుందో నాకు చేతులతో తెలుసు. ఆకుల్ని కోసి నీడన ఆరబెట్టి, నీళ్లలో ఉడకబెట్టి, మళ్లీ ఆరబెట్టి, నున్నగా రుద్ది, కొలతకు కత్తిరించి, చిల్లులు వేస్తారు. గంటంతో గీసినప్పుడు అక్షరం కనిపించదు. మసి పూసి తుడిస్తేనే గీతల్లో నలుపు నిలుస్తుంది. ఇంత శ్రద్ధగా చేసినా మన దక్షిణాది ఉక్కకూ, పురుగుకూ మూడు నాలుగు వందల ఏళ్లు నిలిస్తే గొప్పే. వెయ్యేళ్లు దాటిన తాళపత్రాలు నేపాల్ చలిలో దొరికాయి కానీ, కావేరి ఒడ్డున కష్టం. అందుకే మన పూర్వీకులు పాతబడిన ఆకును చూసి కొత్త ఆకు మీద ఎక్కించుకునేవారు. అలా రాసిన లేఖకులు పుస్తకం చివర ఒక శ్లోకం రాసుకునేవారు. వీపు, నడుము, మెడ విరిగిపోయేలా వంగి, చూపు మొద్దుబారేలా రాశాను, ఇంత కష్టపడి రాసినదాన్ని జాగ్రత్తగా కాపాడండి అని దాని భావం. మొదటిసారి ఆ శ్లోకం చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. కాబట్టి మీరు చూసిన ఆకు మహర్షి చేత్తో రాసినది కాదని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. మాట ఆయనది, నకలు మాది అని ఆ ఊరివారు కూడా చెబుతారు.

మాటైనా అంత పాతదా అంటే, మేషం, వృషభం అనే రాశిచక్రం, లగ్నాన్ని బట్టి జాతకం కట్టే పద్ధతి క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో గ్రీకుల పరిచయంతో మన దేశంలో పాతుకున్నాయి. మనం రోజూ వాడే హోర, కేంద్రం అనే మాటలు గ్రీకువే. పంచాంగం తెలిసినవారు వాడే పణఫరం, ఆపోక్లిమం కూడా అంతే. ఇది మనకు చిన్నతనం కాదు. ఆరో శతాబ్దం నాటి జ్యోతిష పండితుడు వరాహమిహిరుడు, యవనుల, అంటే గ్రీకుల, దగ్గర ఈ శాస్త్రం చక్కగా ఉంది, వాళ్లనూ ఋషుల్లా పూజిస్తారు అని పెద్ద మనసుతో రాసుకున్నాడు. కాబట్టి లగ్నంతో సహా చెప్పే జాతకం అంతకు వేల ఏళ్ల ముందే రాసి ఉందంటే కుదరదు.

ఆ ఆకులు తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయం నుంచి వచ్చాయని, ఇంగ్లీషువాళ్లు వేలం వేస్తే కొనుక్కున్నామని కూడా అక్కడ చెబుతారు. మీకూ చెప్పి ఉంటారు. ఆ గ్రంథాలయం మన తెలుగువాళ్లకు పుట్టిల్లు లాంటిది. తంజావూరు నాయక రాజులు తెలుగువాళ్లు. రఘునాథ నాయకుడు తెలుగులో కావ్యాలు రాశాడు, ఆయన కొడుకు విజయరాఘవుడి కొలువులో రంగాజమ్మ కవిత్వం చెప్పింది. తర్వాత మరాఠా రాజు రెండో శరభోజి ఊరూరా పుస్తకాలు తెప్పించి దాన్ని అంత పెద్దది చేశాడు. 1918 నుంచి అందరూ వెళ్లి చూడొచ్చు. ఈసారి ఆ వైపు వెళ్తే ఒక పూట తంజావూరులో ఆగండి. తాళపత్రాలు గాజు పెట్టెలో కనిపిస్తాయి, ఎవరూ మిమ్మల్ని ప్రశ్నలు అడగరు.

వైదీశ్వరన్ కోయిల్ గుడి విషయంలో మాత్రం మనసులో ఏ చేదూ పెట్టుకోకండి. నాడీ గదులు వేరు, గుడి వేరు. అక్కడ శివుడు వైద్యనాథుడు, అమ్మవారు తైయల్ నాయకి. అంగారక క్షేత్రం కాబట్టి కుజదోషం అన్న భయంతో పెళ్లి కాని పిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా వస్తారు. రాముడు జటాయువుకు దహన సంస్కారం చేసిన చోటు ఇదేనని అక్కడి స్థలపురాణం. మన లేపాక్షికీ జటాయువు కథ ఉంది కదా, పడిపోయిన పక్షిని లేవమని రాముడు పిలిచిన చోటని. మీరు ఆ స్వామికి పెట్టిన దణ్ణం ఎక్కడికీ పోదు.

ఇక పరిహారం. నాడిలో మొదటి కాండం మనిషి వివరాలు, తర్వాత జాతకంలోని ఒక్కో భావానికీ, అంటే జీవితంలోని ఒక్కో విషయానికీ, ఒక కాండం. పెళ్లి ఏడో కాండం. పన్నెండు అయ్యాక పదమూడోది శాంతి, పద్నాలుగోది దీక్ష. మీరు పెళ్లి కోసం వెళ్లారు, వాళ్లు మిమ్మల్ని పదమూడుకూ పద్నాలుగుకూ తీసుకెళ్లారు. పూర్వజన్మ పాపం ఎవరూ సరిచూడలేరు, భవిష్యత్తు గండం ఇప్పుడు సరిచూడలేం. సరిచూడగలిగినవి పేరు, చదువు, ఉద్యోగం మాత్రమే, అవి మీ దగ్గర నుంచే వెళ్లాయి. వాటి మీద కలిగిన నమ్మకాన్ని, సరిచూడలేని రెండింటి మీదకు మళ్లించి, ధర కట్టారు. నాకు ఒప్పుకోబుద్ధి కానిది ఇదే. సరదాకి ఆకు చదివించుకుని కాసిని డబ్బులు ఇచ్చి వచ్చేవాళ్లను నేనెప్పుడూ తప్పుపట్టలేదు. బిడ్డ ప్రాణం పేరు చెప్పి తల్లి మెడలో నగలు అడగడం వేరు.

నా అనుభవం ఒకటి చెబుతాను. మా నాన్నగారికి ఒంట్లో బాగాలేనప్పుడు ఒకాయన ఇలాగే గండం చెప్పాడు. మా అమ్మ తన చేతి గాజులు అమ్మి శాంతి చేయించింది. నాన్న ఆ తర్వాత కొద్ది నెలలకే పోయారు. డబ్బు పోయినందుకు అమ్మ ఏనాడూ బాధపడలేదు. శాంతిలో ఏదో లోపం చేశానేమో, అందుకే ఆయన పోయారేమో అని మాత్రం చివరిదాకా కుమిలిపోయింది. మీ విషయంలో నేను భయపడేది అదే. 65,000 కట్టినా మీ భయం తీరదు. అబ్బాయికి జ్వరం వచ్చినప్పుడల్లా ఏ పూజలో ఏం తక్కువైందో అని వెతుక్కుంటారు.

మీ మనసు ఇంకా ఒప్పుకోకపోతే, ఆకు చదివినప్పుడు వాళ్లు రాసిచ్చిన నోటుబుక్కు ఉంటే, అందులో శాంతికి ఏం రాశారో చూడండి. సాధారణంగా ఫలానా గుళ్లో దీపం, ఫలానా వారికి అన్నదానం, ఆవుకు మేత, ఇన్ని రోజులు జపం అని ఉంటాయి. అవన్నీ మీ చేతులతో మీరే చేసుకోగలిగినవి. మీ తరఫున మేం చేస్తాం అన్నదానికే ఆ డబ్బంతా. శక్తి కొద్దీ నలుగురికి అన్నం పెట్టండి, ఒక పేద గర్భిణికి మందులకో పండ్లకో సాయం చేయండి. భయంతో కాదు, చేయాలనిపిస్తేనే. మళ్లీ ఫోన్ చేసి ముహూర్తం దాటిపోతోందని తొందరపెడితే, మేం చేయించడం లేదండీ అని ఒక్క మాట చెప్పి పెట్టేయండి. ఎందుకని వాదన పెట్టుకోవద్దు.

మీవారితో మాట్లాడేటప్పుడు మాత్రం మూఢనమ్మకం అనే మాట తేకండి. ఆయన నగలు తాకట్టు పెడదామంటున్నది కొడుకు మీద ప్రేమతో. ఈ సమాధానంలో ప్రశ్నల లెక్క ఉన్న భాగం ఆయనకు చదివి వినిపించండి. నమ్మకపోతే ఇంట్లోనే ఆడి చూడండి. ఆయన తన చిన్ననాటి స్నేహితుడి పేరు ఒకటి మనసులో పెట్టుకోవాలి, అబ్బాయి అవును, కాదు ప్రశ్నలతో పట్టుకోవాలి. తెలుగు అక్షరాలను సగం సగం చేసుకుంటూ వస్తే అరగంటలో ఆ పేరు బయటికొస్తుంది.

ఆ తర్వాత అబ్బాయిని ఒక్కడినే కూర్చోబెట్టుకుని, నీకు ఎలాంటి అమ్మాయి కావాలి నాన్నా, అసలు ఇప్పుడు పెళ్లి చేసుకోవాలని ఉందా అని అడగండి. మీ ఉత్తరంలో ఐదేళ్ల సంబంధాల గురించి ఉంది, ఆడపడుచు మాట ఉంది, ఆకు మాట ఉంది. అతని మాట, డబ్బు పంపొద్దు అన్నది ఒక్కటే ఉంది. 31 ఏళ్లకు పెళ్లి కాకపోవడం ఈ రోజుల్లో దోషమేమీ కాదు. అతను ఏం చెప్పినా మధ్యలో ఆపకుండా వినండి.

చివరగా మీ అత్తగారింటి అటక మీద కట్ట. ఇలాంటి కట్టల్లో నేను చూసినవి ఎక్కువగా వైద్యం, శతకాలు, భాగవతం, పొలం లెక్కలు, అప్పుల పద్దులు. జాతకాలూ ఉంటాయి, కానీ అవి వేరు. పిల్లాడు పుట్టినప్పుడు తిథి, నక్షత్రం, ఎన్ని ఘడియలకు పుట్టాడు, రాశిచక్రం గీసి ఇంటి పురోహితుడు రాసిపెట్టిన ఆకులవి. మీ మామగారి ముత్తాత పుట్టిన వేళ అందులో ఉండొచ్చు.

దాన్ని దించేటప్పుడు తాడు గట్టిగా లాగకండి, ఆకు అంచులు రాలిపోతాయి. నీళ్లు తగలనీయొద్దు, కొబ్బరినూనె, కిరసనాయిలు పూయొద్దు, ఎండలో పెట్టొద్దు. మెత్తని పొడి బ్రష్‌తో పైన దుమ్ము మాత్రం దులిపి, ఉతికిన నూలుగుడ్డలో చుట్టండి. అంటుకుపోయిన ఆకుల్ని విడదీయడం నేర్చినవాళ్లు చేయాల్సిన పని, వాళ్లు నిమ్మగడ్డి నూనెతో నెమ్మదిగా చేస్తారు. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం దగ్గర ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయం ఉంది, అక్కడికి తీసుకెళ్లి చూపించండి. ఈలోగా పై రెండు ఆకులకు పక్క నుంచి వెలుతురు పడేలా ఫోటో తీసి నాకు పంపండి. మసి వెలిసిపోయినా గీతలు కనిపిస్తే చాలు, ఏ పుస్తకమో చదివి చెబుతాను.